చూపుడు వేలు

డాలస్‌లో బాబాయి పోయిన మర్నాడు పిన్నిని తీసుకుని, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే ఫ్యునరల్ హోమ్‌కి వెళ్లాను. సంతకాలయ్యాక అక్కడి మనిషి మెల్లగా ఒక కేటలాగ్ మా ముందు పెట్టాడు. వేలిముద్ర చెక్కిన లాకెట్టు, చిటికెడు బూడిద కలిపి చేసిన గాజు గోళం, గుప్పిట్లో ఇమిడే బుల్లి కలశాలు... ఒళ్లు మండింది నాకు. చావింట్లో కూడా బేరమేనా!

అమెరికాలో ఇప్పుడు నూటికి అరవై మందికి పైగా దహనమే. శవపేటికల ఆదాయం పడిపోతుంటే వాళ్లకి ఇవే ఆసరా. బయట కొన్న కలశం తెచ్చినా కాదనకూడదు, దానికి అదనంగా వసూలు చేయకూడదు అని ఫ్యునరల్ రూల్ అనే ప్రభుత్వ నిబంధన ఉంది. మేం ఇండియన్ స్టోర్‌లో రాగి చెంబు కొనుక్కెళ్లాం. అస్థికలు ఎలాగూ రాజమండ్రి గోదావరిలో కలపాల్సినవే కదా.

లాకెట్టు దగ్గర మాత్రం పిన్ని పేజీ తిప్పలేదు. ఏ వేలి ముద్ర కావాలని అడిగాడతను. మామూలుగా బొటనవేలే తీస్తారట.

"చూపుడు వేలు," అంది పిన్ని. నావైపు తిరిగి, "అన్నానికి ఎసరు ఆ వేలితోనే కొలిచేవారురా మీ బాబాయి. నన్ను పెట్టనిచ్చేవారు కాదు."

ధర చూడకుండానే కార్డు ఇచ్చాను.