ఉపకార వేతనం కోసం ఏడు నెలల నిరీక్షణ: పర్లాకిమిడి నుంచి

మా అక్క కూతురు నిరుడు బరంపురంలోని ఒక కళాశాలలో, ఒడిశాలో ప్లస్ త్రీ అనే డిగ్రీ కోర్సులో చేరింది. హాస్టల్ రుసుము, మెస్ డిపాజిట్, పుస్తకాలు అన్నీ కలిపి లెక్క వేసుకున్నాక తాపీ పని మీద వచ్చే కూలితో అది సర్దుబాటు కాదని గ్రహించిన మా బావ, అక్క మెడలోని గొలుసును ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజారులో తాకట్టు పెట్టి 15,000 రూపాయలు తెచ్చాడు. వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు. పదో తరగతి తరువాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం రాగానే దానికి కొంత కలిపి గొలుసు విడిపించుకోవాలని అనుకున్నాము. దరఖాస్తు సెప్టెంబరు చివరి వారంలో సమర్పించాము. మొదటి విడత ఏప్రిల్ చివరి వారంలో ఖాతాలో పడింది. ఈ ఏడు నెలలకు వడ్డీ కింద 2,100 రూపాయలు పోయాయి.

ఈ ఆలస్యం అంతా ఒకే చోట జరిగినది కాదు. దరఖాస్తును ముందుగా కళాశాల పరిశీలించాలి, తరువాత జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయం పరిశీలించాలి, ఆపైన మంజూరు, చివరికి చెల్లింపు. మా దరఖాస్తు నవంబరు రెండో వారం దాకా కళాశాల దగ్గరే ఉండిపోయింది. అమ్మాయి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "మావయ్యా, ఈ రోజైనా ఏమైనా మారిందేమో ఒకసారి చూస్తావా?" అని అడిగేది. దరఖాస్తు పోర్టల్ తెర మీద ఎప్పుడూ 'పెండింగ్' అనే ఒక్క మాటే కనిపించేది. ప్రవేశాలు, పరీక్ష ఫారాలు, ఉపకార వేతనాలు అన్నీ ఒకే గుమాస్తా చూసుకుంటున్న కళాశాలలో ఆ ఒక్క మనిషిని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. అయితే తన కాగితాన్ని ఎప్పుడు చూస్తారో తెలియకుండా పద్దెనిమిదేళ్ల పిల్ల ఎదురుచూడవలసి రావడం మాత్రం నాకు ఎంతో బాధ కలిగించింది.

నవంబరులో దరఖాస్తు 'డిఫెక్టివ్' అని వెనక్కి వచ్చింది. పేరు సరిపోలలేదన్నది కారణం. సరిహద్దులో ఉండే మన కుటుంబాలు దీనిని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా బడిలో దానిని చివర రాస్తారు. మా అమ్మాయి పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. ఆధార్‌లో మొదట, అదీ పొడి అక్షరంగా ఉంది. కుల ధ్రువపత్రంలో మరో వర్ణక్రమం ఉంది. తెలుగులో ఎ, ఏ అనీ ఒ, ఓ అనీ హ్రస్వ దీర్ఘాలుగా వేరు చేసే అక్షరాలకు ఒడియా లిపిలో ఒక్కొక్క అక్షరమే ఉంది కనుక, తెలుగు ఇంటిపేరు ముందు ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఒక్కొక్క కార్యాలయంలో ఒక్కొక్క రూపం తీసుకుంటుంది. మనకు అది ఒకే పేరు. కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఆధార్ సవరించి, కాగితాలన్నీ మళ్లీ జతపరిచి పంపేసరికి డిసెంబరు ముగిసింది. ఇదే లోపాన్ని అక్టోబరు మొదట్లో చెప్పి ఉంటే మాకు రెండు నెలలు మిగిలేవి.

జిల్లా స్థాయిలో పరిశీలన ఫిబ్రవరిలో పూర్తయింది. ఆ తరువాత కూడా డబ్బు వెంటనే రాకపోవడానికి పథకంలోనే ఒక కారణం ఉంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం తన వాటా విడుదల చేసిన తరువాతనే కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాకు వస్తుంది. అందువల్ల డబ్బు రెండు సార్లుగా పడుతుంది; మాకు రెండోది జూన్‌లో వచ్చింది. మొదటి విడత చూసి "ఇంతేనా" అని దిగులు పడిన తల్లిదండ్రులను నేను చూశాను. వారికి ఈ సంగతి చెప్పినవారు లేరు.

బ్యాంకు ఖాతా విషయంలో మాత్రం మేము సకాలంలో మేలుకున్నాము. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ చెల్లింపుల కోసం ఆ ఖాతాను ఆధార్‌తో సీడింగ్ చేయించాలి, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు ఈ ఖాతాకే రావాలని బ్యాంకులో నమోదు చేయించాలి. రెండు మూడు ఖాతాలు ఉంటే, చివరగా సీడింగ్ అయిన ఖాతాకే డబ్బు వెళుతుంది. మా అమ్మాయికి బడి రోజుల నాటి ఖాతా ఒకటి ఉంది, అది వాడక మూతపడే స్థితిలో ఉంది. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్థితి చూసినప్పుడు ఆ పాత ఖాతాయే కనిపించింది. జనవరిలోనే మార్పించాము కాబట్టి సరిపోయింది.

మాకు పాతపట్నంలోను, టెక్కలిలోను బంధువులు ఉన్నారు. వారి పిల్లలకు ఆంధ్రప్రదేశ్ పథకాలు వర్తిస్తాయి, మన పిల్లలకు వర్తించవు. పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం విద్యార్థి స్థిరనివాసం ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రమే ఇస్తుంది కనుక, నది దాటి శ్రీకాకుళంలో చదివినా మనము ఒడిశాకే దరఖాస్తు చేసుకోవాలి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. దరఖాస్తు ఏ స్థాయికి ఏ తేదీన చేరిందో, అక్కడి నుంచి ఏ తేదీ లోపల కదలాలో తెర మీద కనిపించాలి. లోపం ఉంటే చేరిన పది పదిహేను రోజుల్లో చెప్పాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంది. అయితే తన చదువు డబ్బు ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి ఒక విద్యార్థిని చట్టం పేరుతో అర్జీ పెట్టవలసిన అవసరం రాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గొలుసు మే నెలలో విడిపించాము. రెండో సంవత్సరం రెన్యువల్ దరఖాస్తు ఈసారి పోర్టల్ తెరిచిన మూడో రోజునే సమర్పించి, దాని ప్రతిని అమ్మాయి స్వయంగా కళాశాల కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర, దాని కింద తేదీ వేయించుకుని వచ్చింది.