నేత్రాణికి వయా గంగావతి

గోవా వద్దని ముందే అనుకున్నాం. సంక్రాంతి వెళ్లిన వారంలో అక్కడి గది అద్దెలు చూస్తేనే కడుపు నిండిపోయింది. హైదరాబాద్ నుంచి మేం ముగ్గురం, ఒక పాత వ్యాగనార్, తలా పన్నెండు వేలు. సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగే స్కూబా, బోర్డు మీద అలలెక్కే సర్ఫింగ్ రెండూ అందులోనే అయిపోవాలి. కర్ణాటక తీరంలో అయితే స్కూబాకు మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి ఉంది, ఇంకాస్త కిందికి దిగితే సర్ఫింగ్‌కు ముల్కి ఉంది. దారిలో గంగావతి దగ్గర ఒక ఫ్రెండ్, చివర సూరత్కల్‌లో ఇంకో ఫ్రెండ్. ఆ రెండు చోట్లా గది ఖర్చు మిగిలినట్టే అని లెక్కేశాం.

ఏం మిగల్లేదు. తెలుగువాళ్ల ఇంటికి చేతులూపుకుంటూ వెళ్లలేం కదా. రెండిళ్లకూ పూతరేకులు, పిల్లలకు బొమ్మలు, సూరత్కల్ వాడు ఫోన్ చేసి మరీ చెప్పిన పచ్చళ్ల లిస్టు. కారు బయటికి తీయకముందే ఒక రాత్రి గది అద్దె ఎగిరిపోయింది.

రాయచూరు దాకా చెప్పుకోవాల్సిందేం లేదు. మహబూబ్‌నగర్ దాటాక టిఫిన్, మక్తల్ దాటాక కృష్ణ, అవతల శక్తినగర్ థర్మల్ పొగగొట్టాలు. మాన్వి మీదుగా సింధనూరు వైపు వెళ్తుంటే మాత్రం హుషారొచ్చింది. బోర్డులన్నీ కన్నడలో ఉంటాయి, టీ కొట్టు ముందు మాటలు తెలుగులో వినిపిస్తాయి. ఊరి పేరు చివర ‘క్యాంప్’ అని ఉంటే అక్కడ మనవాళ్లున్నట్టే. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయి ఎడమ కాలవ కింద భూములకు నీళ్లొస్తాయనగానే కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కొన్నారు. గుడారాలేసుకుని, తుమ్మచెట్లు కొట్టి, నేల చదును చేసుకున్న చోట్లే ఇప్పుడు మేడలతో, రామాలయాలతో ఊళ్లయ్యాయి.

మా ప్లాన్ ప్రకారం ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకుని తెల్లారుజామున బయల్దేరాలి. ఆ ప్లాన్ వాళ్ల నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఆయన చిన్నపిల్లాడిగా గోదావరి జిల్లా నుంచి వచ్చారట. ‘అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదెకరాలు’ అని మొదలుపెట్టి, మా కార్యక్రమం వినగానే ఆగిపోయారు.

“మనిషికి ఎంత తీసుకుంటాడు?”

“ఐదు వేలు బాబాయ్ గారూ.”

“ఎంతసేపు ముంచుతాడు?”

“నీళ్లలో అరగంట ఉంటామండీ.”

“మా కాలవలో పొద్దస్తమానం మునగొచ్చయ్యా, ఒక్క రూపాయి అడిగేవాడు లేడు.”

“ఊరుకోండి, పిల్లలేదో సరదా పడుతుంటే” అని పిన్నిగారు అడ్డుపడ్డారు గానీ, ఆయన అప్పటికే నీళ్ల విషయంలోకి వెళ్లిపోయారు. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన రాత్రి గురించి ఆయన చెబుతుంటే మేం గారెలు తినడం మర్చిపోయాం. ముప్ఫై మూడు గేట్లున్న డ్యామ్‌లో ఒక్క గేటు పోతే ఏమవుతుంది అని నేను అమాయకంగా అడిగాను. నిండుగా ఉన్న జలాశయం కళ్లముందే ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోంచి నీళ్లు దూకుతుంటే మిగతా గేట్లు కూడా ఎత్తి ఒత్తిడి తగ్గించాలి. అంటే మడిలోకి రావాల్సిన నీళ్లను మనమే నదిలోకి వదిలెయ్యాలి. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, పారే నీళ్లలోనే ఇనప పలకలు ఒకదాని మీద ఒకటి దింపించి ఆ ఖాళీ మూయించారు. బాబాయ్ గారు రెండు గ్లాసులు అటూ ఇటూ పెట్టి, మధ్యలో ఇస్తరాకు మడిచి నిలబెట్టి, పలక ఎలా దిగిందో చూపించారు. ఆ వారమంతా ఈ క్యాంపుల్లో ఎవరూ సరిగా నిద్రపోలేదట. అప్పుడే నాట్లేసిన పొలాలు. నేను ఆ వార్తను హైదరాబాద్‌లో ఫోన్ మీద వేలితో పైకి తోసేసి ఉంటాను.

పొద్దున కూడా వదల్లేదు. నాటుకోడి వండకుండా పంపితే మర్యాద కాదన్నారు. దానికి తోడు జొన్నరొట్టెలు, ఎణ్ణెగాయి వంకాయ కూర. బయల్దేరేటప్పుడు డిక్కీలో ఇరవై ఐదు కేజీల సోనామసూరి బస్తా పడేశారు. మా బ్యాగులు వెనక సీట్లోకి వచ్చాయి, నేను వాటి పక్కన సర్దుకున్నాను. కొప్పళ, గదగ్, హుబ్బళ్లి దాటి యల్లాపూర్ అడవిలోకి వెళ్లేసరికి చీకటి. అరబైల్ ఘాట్‌లో లారీల వెనక నత్తనడక. మైలేజీ ఎంతొస్తోందో చూడొద్దని డ్రైవింగ్ చేస్తున్నవాడు మీటర్ మీద కర్చీఫ్ కప్పాడు.

మురుడేశ్వర్‌లో గదికి 2,500 అడిగి 1,800కి దిగాడు. వేణ్నీళ్లు రావు, దోమలు మాత్రం వస్తాయి. శివుడి విగ్రహం 123 అడుగులు, గోపురం 237 అడుగులు, ఎక్కడి నుంచైనా కనిపిస్తాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. నాకు గుర్తుండిపోయింది బీచ్‌లో ఆగకుండా మోగిన విజిల్. మేం వెళ్లడానికి నెల ముందే, 2024 డిసెంబర్లో, కోలారు జిల్లా స్కూలు నుంచి విహారయాత్రకు వచ్చిన నలుగురు అమ్మాయిలు ఇక్కడే మునిగి చనిపోయారు. కొన్నాళ్లు బీచ్ మూసేశారు కూడా. మేం వెళ్లినప్పుడు మోకాలు దాటి అడుగేస్తే గార్డు విజిల్ ఊదుతున్నాడు.

నాది బాపట్ల. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో ఇసుక కూడా కనపడనంత జనం. స్నానం చేస్తున్నంతసేపూ మా అమ్మ నా చొక్కా కాలర్ వదిలేది కాదు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారుతుంది, ఆ జారుడే మనిషిని తీసుకుపోతుంది అని ఏటా అదే పాఠం. అలా పెరిగినవాణ్ని సముద్రం మధ్యకు వెళ్లడానికి ఐదు వేలు కట్టాను. ఈతరాకపోయినా పర్లేదన్నారు. నాకు వచ్చింది కూడా చెరువు ఈతే.

నేత్రాణి ఒడ్డు నుంచి దాదాపు 19 కిలోమీటర్లు. పైనుంచి చూస్తే హృదయాకారంలో ఉంటుందని ఫోటోల్లో చూపిస్తారు. పడవలోంచి చూస్తే గడ్డి మొలిచిన ఒక గుట్ట. దీవి మీద దిగనివ్వరు. ఒకప్పుడు నేవీవాళ్లు దీన్ని గురి చూసి పేల్చుకునే ప్రాక్టీసుకు వాడేవాళ్లు. పడవలో గంటన్నర. మొదటి అరగంట సెల్ఫీలు, తర్వాత ఒక్కొక్కరే తల వంచుకుని కూర్చున్నారు, ఆ తర్వాత వరసగా వాంతులు. గంగావతి నాటుకోడి ముందురోజే అరిగిపోవడం నా అదృష్టం. పడవ ఆగి ఊగుతున్నప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. పాతిక మంది, నలుగురు ఇన్‌స్ట్రక్టర్లు, కాబట్టి మన వంతు వచ్చేదాకా ఆ ఊగుడు భరించాల్సిందే. ఈ సంగతి డబ్బులు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పరు.

నీళ్లలోకి దించగానే మొదట వచ్చేది భయం కాదు, చికాకు. ముక్కు మూసేసి ఉంటుంది, నోటితోనే పీల్చాలి. అద్దం లోపల పొగమంచు. నడుముకు సీసం బరువులు. రెండు మీటర్లు దిగేసరికి చెవిలో పోటు. ముక్కు గట్టిగా పట్టుకుని గాలి ఊదితే చెవులు టప్పుమని తెరుచుకుంటాయి. ప్రతి కాస్త లోతుకూ అదే పని. ఈ అవస్థ మధ్యలో గమనించాను, ఇన్‌స్ట్రక్టర్ నా వెనక నుంచి సిలిండర్ మెడ పట్టుకుని నన్ను నడిపిస్తున్నాడు. సరిగ్గా మా అమ్మ కాలర్ పట్టుకున్నట్టే. దాంతో టెన్షన్ పోయింది. బండల సందుల్లో చిలకచేపలు, పసుపు చారల సీతాకోకచిలుక చేపల గుంపులు. ఒక పెద్ద బొంత చేప మమ్మల్ని పట్టించుకోకుండా నోరు తెరిచి నిలబడింది. దాన్ని ఇంకాస్త సేపు చూడాలనుకునేలోపే పైకి లాగేశాడు. అరగంట అన్నది పేరుకే. వీడియోకు వేరే డబ్బులన్నారు, వద్దన్నాం.

మర్నాడు మరవంతె దగ్గర అందరిలాగే మేమూ ఆగాం. రోడ్డుకు ఒకవైపు సముద్రం, ఇంకోవైపు సౌపర్ణిక నది. రెండు నిమిషాలు చూసి టోల్‌గేట్లను తిట్టుకుంటూ సూరత్కల్ చేరాం. బంగుడె చేపల ఫ్రై, కోడికూరతో తినే కోరి రొట్టి అని దారంతా కలలు కంటూ వచ్చాం. ఫ్రెండ్ భార్య, మా కోసమని, పప్పు, గోంగూర, ముద్దపప్పులోకి ఆవకాయ పెట్టింది. మంగళూరు చేపలు హోటల్లో తిందామంటే, “మీతో కూర్చుని మన భోజనం చెయ్యక ఎన్నాళ్లయిందిరా” అన్నాడు వాడు. అర్ధరాత్రి దాకా కాలేజీ కబుర్లు.

సర్ఫింగ్ మాత్రం, చెప్పాలంటే, పెట్టిన డబ్బుకు రెండింతలు ముట్టింది. ముల్కిలో 2004 ప్రాంతంలో ‘సర్ఫింగ్ స్వామి’గా పేరుపడ్డ అమెరికన్ జాక్ హెబ్నర్ మంత్ర సర్ఫ్ క్లబ్ పెట్టాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే నేర్పుతున్నారు. శాంభవి, నందిని నదులు సముద్రంలో కలిసే చోట ససిహిత్లు బీచ్. మాకు నేర్పడానికి దొరికిన కుర్రాడు పెద్దగా మాట్లాడే రకం కాదు. ఇసుక మీద ఫోమ్ బోర్డు పెట్టి, బోర్లా పడుకోబెట్టి, ఛాతీ పక్కన అరచేతులు ఆనించి ఒక్క ఊపున లేవమన్నాడు. ఇసుక మీద అందరం వీరులమే. నీళ్లలో బోర్డు ఒకవైపు, మనిషి ఒకవైపు. పడేటప్పుడు తల ముందుకు పెట్టకు, వెల్లకిలా పడు, చేతులతో తల కప్పుకో అని మాత్రం నొక్కి చెప్పాడు. కాళ్లకేసి చూస్తే పడతావు, ఒడ్డు మీద కొబ్బరిచెట్టు చూడు అన్నాడు. ఆ చెట్టు చూస్తూ ఒకసారి నిజంగానే నిలబడ్డాను. నురుగు తోస్తుంటే ఒడ్డు నావైపు వచ్చేసింది. పడవ లేదు, వరస లేదు, వాంతి లేదు. గంటన్నర అయ్యాక కూడా ఇంకో రెండు అలలు ఎక్కించాడు.

తిరుగు దారిలో బియ్యం బస్తా విప్పి సూరత్కల్ వాడికి సగం ఇచ్చేశాం. బడ్జెట్ తలా పద్నాలుగున్నర వేలు దాటింది. బియ్యం ఖరీదు అందులోంచి తీసెయ్యాలని ఒకడు, బహుమతి లెక్కలోకి రాదని ఇంకొకడు ఇప్పటికీ వాట్సాప్‌లో కొట్టుకుంటున్నారు. మిగిలిన బియ్యం మా ఇంట్లో ఉంది కాబట్టి నేను మాట్లాడటం లేదు.