గుర్రాల మధ్య మసలే కుక్క: ఎంపిక, శిక్షణ, ఇప్పటివరకు వచ్చిన మార్పు

గుర్రపుశాలలో తిరగబోయే కుక్కకు ధైర్యం కన్నా, గుర్రాన్ని చూసీ చూడనట్టు ఉండగల నిదానం ముఖ్యమని నా నమ్మకం. నా కుక్క చుక్కను ఎంచుకున్నదీ, దానికి ఇప్పటికీ శిక్షణ ఇస్తున్నదీ ఆ ఒక్క గుణం కోసమే.

ఎంపికలో ముందుగా జాతి స్వభావాన్ని చూశాను. బోర్డర్ కోలీ ఒంగి, పొంచి, రెప్ప వేయకుండా చూస్తూ మందను అదుపు చేస్తుంది. వేటకు గురయ్యే జంతువైన గుర్రానికి ఆ చూపు బెదిరింపుగానే కనిపిస్తుంది. కార్గీ, ఆస్ట్రేలియన్ కాటిల్ డాగ్ పశువుల మడమలు కొరికి తోలడానికి పెంచిన జాతులు కాబట్టి, అదే పని గుర్రం దగ్గర చేస్తే తన్ను తప్పదు. డాల్మేషియన్లను ఒకప్పుడు గుర్రపు బగ్గీల వెంట పరుగెత్తడానికే పెంచేవారు. అయితే ఆ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువ, పిలుపు వినబడని కుక్కను గిట్టల మధ్యకు వదలకూడదు కనుక, దాన్ని తీసుకునేవారు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి. చివరకు నేను ఏ జాతికీ చెందని పిల్లను తీసుకున్నాను. పెద్ద చప్పుడైనప్పుడు ఉలిక్కిపడి, వెంటనే తేరుకుని మనిషి దగ్గరకు వచ్చిన పిల్ల అదొక్కటే. కుక్కపిల్లలు కొత్తవాటికి సులువుగా అలవాటు పడేది సుమారు 3 నుంచి 14 వారాల వయసులో కాబట్టి, టీకాల విషయం పశువైద్యుడితో మాట్లాడుకుని, ఆ వయసులోనే చుక్కను ఎత్తుకుని గుర్రాలకు దూరంగా కూర్చునేవాడిని.

అసలు శిక్షణ కంచె బయట, 10 మీటర్ల తాడుతో మొదలైంది. దూరాన్ని కొలిచేది కుక్క నోరే: చేతిలోని మాంసం ముక్కను మెత్తగా అందుకుంటే దూరం సరిపోయినట్టు, లాక్కున్నా వద్దన్నా ఇంకా వెనక్కి జరగాలి. మొదట్లో గుర్రం కదలగానే చుక్క నోరు మూసుకునేది, తోక కర్రలా బిగిసేది, బరువంతా ముందుకాళ్ల మీదికి వచ్చేది. ఆ క్షణంలో నేను పిలవలేదు, తాడు లాగలేదు. అది తనంతట తాను చూపు తిప్పి నేల వాసన చూసినప్పుడో, నా వైపు తిరిగినప్పుడో మాత్రమే ముక్క ఇచ్చాను. ఇలా సాగాక, గుర్రాన్ని చూడటమే నా వైపు తిరగడానికి సంకేతంగా మారింది.

గుర్రం ఎంపికకూ అంతే శ్రద్ధ కావాలి. కుక్కలతో ముందే పరిచయమున్న వయసు మళ్లిన ఆడగుర్రాన్ని ఎంచుకున్నాను. గుర్రాన్ని ఒకరు, కుక్కను మరొకరు పట్టుకోవాలి. రెండు తాళ్లూ ఒకే మనిషి చేతిలో ఉండకూడదు, తాడును చేతికి చుట్టుకోకూడదు. గుర్రానికి చుట్టూ చాలా భాగం కనిపించినా సరిగ్గా తోక వెనుక ఉన్నది కనిపించదు కాబట్టి, చుక్కకు వెనుక నుంచి దాటడమన్నదే అలవాటు చేయలేదు. ఎప్పుడూ ముందు నుంచి, విశాలంగా చుట్టి వస్తాం. చెవులు వెనక్కి అణచడం, తోక విసరడం, ఒక వెనుక కాలు తేలిక చేయడం కనిపిస్తే ఆ రోజు పాఠం అక్కడితో ఆపుతాం.

శాలలో తన్నుల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది నులిపురుగుల మందు. గుర్రానికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ అనే ఆ మందు మోతాదు కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. కుక్కకు హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) రాకుండా నెలకోసారి ఇచ్చేది కిలోకు 6 మైక్రోగ్రాములే. గుర్రం నోటి నుంచి జారిన పేస్టునో, మందు వేశాక వచ్చే లద్దినో తింటే కుక్కకు ముప్పు రావచ్చు. కోలీ వంటి జాతుల్లో కనిపించే ఎండీఆర్1 జన్యులోపం (ఇలాంటి మందులను మెదడులోకి చేరకుండా ఆపలేని లోపం) ఉన్నవాటికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. అందుకే మందు వేసే రోజున చుక్కను శాలకు తీసుకురాను, ఆ తర్వాత కొన్నాళ్లు లద్దిని వెంటవెంటనే ఎత్తిస్తాను. గిట్టలు చెక్కినప్పుడు రాలే ముక్కలంటే కుక్కలకు మహా ఇష్టం. వాటిలో విరిగిన నాడా మేకులు ఉండవచ్చు గనుక, నేల ఊడ్చేదాకా చుక్క తన చాప మీదే ఉండాలి. ‘వదిలెయ్’ అన్న మాట బాగా పనికొచ్చిందీ ఇక్కడే.

గుర్రం వేగం మారితే కుక్కకు అది కొత్త పాఠమే. నిలబడిన గుర్రం దగ్గర, నడిచే గుర్రం దగ్గర చుక్క ఇప్పుడు తాడు లేకుండా ఉండగలుగుతోంది. ట్రాట్‌లో, అంటే చిన్నపాటి పరుగులో, తాడు ఇంకా అవసరమే. అంతకన్నా వేగమైన కాంటర్ మొదలైతే కంచె బయటే ఉంచుతున్నాను, ఎందుకంటే దుమ్ము లేచి గిట్టల చప్పుడు పెరిగినప్పుడు దాని చెవులు నా గొంతుకు కాస్త ఆలస్యంగా తిరుగుతున్నాయి. ఆ ఆలస్యం పోయేదాకా తాడు తీయను. స్వారీకి వెంట తీసుకువెళ్లడం ఎముకల ఎదుగుదల పూర్తయిందని పశువైద్యుడు చెప్పాకే. అంతవరకు గుర్రానికి మాలీసు చేసే వేళ చాప మీద కుదురుగా ఉండటాన్ని, దూరం నుంచి పిలిస్తే తిరిగి రావడాన్ని సాధన చేయిస్తాను.