గ్రే కలంకారీ కోసం కాళహస్తికి

మా చిన్నమ్మ కూతురు తిరుపతిలో కొత్త ఫ్లాట్ కొనింది. గృహప్రవేశానికి నేను వెళ్లలేకపోయాను. ఆ అలక తీర్చడానికి డిసెంబర్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి రైలెక్కాను. ఇళ్లు, కుర్చీలు, గుడ్డలు అంటే నాకున్న పిచ్చి చుట్టాలందరికీ తెలుసు. అందుకే నేను చెప్పులు విప్పకముందే "అక్కా, ఎట్లుండాది ఇల్లు?" అని అడిగేసింది.

గ్రే సోఫా. గ్రే కర్టెన్లు. సోఫా వెనక గోడ కూడా గ్రేనే. పైన ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో ఎల్‌ఈడీ స్ట్రిప్, టీవీ వెనక చెక్కలా కనిపించే లామినేట్. గుమ్మం పక్కన కళ్లు మూసుకున్న బుద్ధుడి తల, ఫైబర్‌ది. కిటికీలోంచి ఏడుకొండలు కనిపించే ఇల్లది. ఆ కిటికీకి సగం అడ్డంగా టీవీ యూనిట్ వచ్చింది.

"బాగుంది" అన్నాను.

"ఆ 'బాగుంది' నాకు తెలుసులే" అనింది.

ఈ గ్రే, తెలుపు, లేత చెక్క ఫ్యాషన్ ఎక్కువగా ఉత్తర యూరప్ నుంచి వచ్చింది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. ఉన్న కాస్త వెలుతురునీ గదిలో నిలుపుకోవడానికి వాళ్లకి తెల్లగోడలు కావాలి. మనకి ఎండ కరువా? మే నెలలో తిరుపతిలో తెల్లగోడ ఎదురుగా కూర్చుంటే కళ్లు చిట్లించుకోవాల్సిందే. అయినా ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు తక్కువే. 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచిన కొత్తలో రోజంతా అందులోనే తిరిగి, అలాంటి బల్లే ఒకటి మోసుకొచ్చుకున్నాను. ఇది రాస్తున్నదీ దాని మీదే.

"సోఫా వెనక ఒక కలంకారీ తగిలిస్తే నిండుగా ఉంటుంది కదక్కా. ఏడడుగుల పొడుగు. గ్రేలో దొరుకుతుందేమో చూడు" అనింది చెల్లెలు. అప్పుడే కాదని ఉంటే ఈ యాత్రే ఉండేది కాదు.

మరునాడు చిన్నాయన నన్ను చంద్రగిరి కోటకి తీసుకెళ్లాడు. రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కలప వాడలేదు. దూలాల పని కమానులే చేస్తున్నాయి, అందం కూడా వాటిదే. ఇంటి కప్పుని మోసేదాన్ని దాచిపెట్టి కింద ఇంకో కప్పు వేలాడదీసే మన అలవాటు ఆ కట్టిన వాళ్లకి చెబితే ఏమనుకునేవాళ్లో. ఈ మాట చిన్నాయనతో అన్నాను. "వాళ్లకి ఏసీ పైపులు లేవు గదమ్మా" అన్నాడు.

మూడో రోజు పొద్దున్నే ఒక్కదాన్నే బయల్దేరాను. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి 40 కిలోమీటర్ల లోపే. దారిలో ఏర్పేడు దగ్గర దిగి, ఆటోలో మాధవమాల వెళ్లాను. కొయ్యబొమ్మలు చెక్కే ఊరది. ఆటోలోంచి శేషాచలం కొండలు కనిపిస్తుంటే ఎర్రచందనం గుర్తొచ్చింది. చైనా చక్రవర్తుల సింహాసనాలకీ బల్లలకీ వాడిన జిటాన్ అనే కలప ఈ జాతి చెట్టుదే. ఆ చెట్టు సహజంగా పెరిగేది మాత్రం ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దాని పక్కనే ఉంటూ మా చెల్లెలు చెక్క రంగు స్టిక్కరు అంటించుకుంది. ఎర్రచందనం కొట్టడం నేరం కాబట్టి అందులో ఆమె తప్పు లేదనుకోండి.

మాధవమాలలో నేను చూసిన పంచల్లో అన్నీ దేవుళ్లే. ఒకాయన వేంకటేశ్వరుడి వక్షస్థలం మీద హారం చెక్కుతున్నాడు. నా కళ్లు మాత్రం ఆయన కూర్చున్న పీట మీద ఉన్నాయి. జానెడు ఎత్తు, మూడు కాళ్లు, కూర్చుని కూర్చుని మధ్యలో పల్లం పడి నున్నగా అయిన పలక. నా మూడు రోజుల్లో చూసిన ఫర్నిచర్‌లో అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. ఇలాంటిది ఒకటి చేసిస్తారా అంటే ఆయన నవ్వాడు. "దీనికెందుకమ్మా ఇంతదూరం రావడం, మీ ఊర్లో వడ్రంగి చేస్తాడు." తీరా కొంటే మా చిన్నాయన మోకాళ్లకి అది పనికిరాదు. ఆయనకి ఆ గ్రే సోఫానే దిక్కు.

కాళహస్తిలో నేను వెళ్లిన కలంకారీ కళాకారుడి ఇంట్లో ముందుగది అంతా పాలవాసన. తెల్లగుడ్డని కరక్కాయ రసం కలిపిన ఎనుముపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాల జిడ్డు వల్ల సిరా పక్కలకి పాకదు. చింతబరికెల బొగ్గుతో బొమ్మ గీసుకుని, ఆ తర్వాత కలం పడతారు. కలం అంటే మొన తేల్చిన వెదురుపుల్ల, దాని నడుమున చుట్టిన గుడ్డ ఉండ. ఉండని సిరాలో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో నొక్కుతూ ఉంటే మొనకి దిగుతుంది. ఆ సిరా పేరు కసిమి. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టింది. గీసినప్పుడు గోధుమరంగులో ఉన్న గీత, గుడ్డలోని కరక్కాయ తగిలి నా కళ్లముందే నల్లబడింది. ఎరుపు కావాల్సిన చోట పటికనీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ రంగేమీ కనిపించదు. తర్వాత మంజిష్ఠలాంటి వాటితో ఉడకబెడితే పటిక తాకిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఉతుకు, ఆరబెట్టు, మళ్లీ పాలు, మళ్లీ రంగు.

ఒకప్పుడు దాదాపు ఆగిపోయిన పని ఇది. 1950ల్లో, దేశంలో చేతికళల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని ఇక్కడ శిక్షణ పెట్టించడంతో నిలబడింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇంత పనిని మనం ఏం చేశాం? జాకెట్టు ముక్క చేశాం. సీత ముఖం సగం చంకలోకి, సగం వీపు మీదికి పోయేలా కత్తిరిస్తున్నాం. పూలూ తీగలూ ఉన్న గుడ్డ ఎలా కత్తిరించినా పరవాలేదు, మచిలీపట్నం అచ్చు కలంకారీ అందుకే డ్రెస్సులకి హాయిగా ఒదుగుతుంది. కాళహస్తి గుడ్డ గుళ్లో తెరగా వేలాడడానికి, నిలబడి చదవడానికి పుట్టింది. బొమ్మల పక్కన తెలుగులో కథ కూడా రాసి ఉంటుంది. ఇక ఆన్‌లైన్ కలంకారీ సంగతి చెప్పకపోవడమే మంచిది. నేను కొన్న సోఫా కవర్లు మొదటి ఉతుకులోనే మా ఆయన తెల్లచొక్కాని గులాబీ చేశాయి. ఇప్పుడు ఏది కొన్నా తిరగేసి చూస్తున్నాను. ప్రింటుకి వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది.

చివరికి అడిగేశాను, గ్రేలో చేస్తారా అని.

కలం ఆపకుండానే చెప్పాడాయన. "నలుపు పాతబడితే వచ్చేదే గదమ్మా గ్రే. నల్లదే తీసుకుపోండి, నలభై ఏండ్లు ఆగండి."

ఏడడుగుల దానికి నా దగ్గర డబ్బు చాల్లేదు. రెండడుగుల ముక్క ఒకటి తీసుకున్నాను. శ్రీ, కాళ, హస్తి: సాలెపురుగు, పాము, ఏనుగు. మధ్యలో లింగం. ఒక్కో బొమ్మ కింద రెండు వరసల రాత.

"ఇంత చిన్నదా? అదేంది, పాలవాసన" అని చెల్లెలు దాన్ని ఒకరోజు బాల్కనీలో ఆరేసింది. తర్వాత సోఫా వెనక తగిలించాం. అంత పెద్ద గోడ మీద పోస్టల్ స్టాంపులా ఉంది, నిజమే. పైకి జరపమని చెల్లెలు, ఉన్నచోటే బాగుందని నేను వాదించుకుంటుంటే, ఆమె అత్త కళ్లజోడు తెచ్చుకుని సోఫా మీద మోకాళ్లానించి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. సాలెపురుగు కథ అయింది. పాము దగ్గర ఆగింది.

"ఈ సోఫాని కాస్త ముందుకి లాగండే. కింది వరస కనపడలా."