హౌస్ ఆఫ్ లార్డ్స్: మెయిన్స్ జవాబులో మార్కులు ఎక్కడ పోతాయి?

యూపీఎస్సీ మెయిన్స్ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్) సిలబస్‌లో మన రాజ్యాంగాన్ని ఇతర దేశాలతో పోల్చడం ఒక అంశం. అందులో బ్రిటన్ ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌ను చాలామంది "ఎన్నిక కాని సభ, అధికారం లేదు" అని తేల్చేస్తారు. ఆ సభ నిజంగా ఏం ఆపగలదు, ఓట్లు అడగని సభ్యులు జనానికి ఎలా దగ్గరవుతారు, రెండూ ఉంటేనే జవాబు నిలబడుతుంది.

ముందు 1911, 1949 పార్లమెంట్ చట్టాలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. 1909 నాటి లాయిడ్ జార్జ్ బడ్జెట్‌ను లార్డ్స్ తిప్పికొట్టడం వల్లే మొదటిది వచ్చింది. మనీ బిల్లును (పన్నులు, ఖర్చులకు సంబంధించినది) లార్డ్స్ నెలకు మించి ఆపలేదు. మిగతా పబ్లిక్ బిల్లులను ఆపగలిగే రెండేళ్ల గడువు 1949లో ఏడాదికి తగ్గింది. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ ఏడాది లెక్కలోనే. లార్డ్స్ తిరస్కరించిన రోజు నుంచి కాదు, మొదటి సెషన్‌లో కామన్స్ (దిగువ సభ) రెండో పఠనం, అంటే బిల్లుపై మొదటి ప్రధాన చర్చ, నుంచి తర్వాతి సెషన్‌లో కామన్స్ మళ్లీ ఆమోదించే దాకా లెక్కించాలి. గడువు దాటితే లార్డ్స్ ఆమోదం లేకుండానే బిల్లు చట్టమవుతుంది, 2004 వేట నిషేధ చట్టం ఇలా వచ్చిందే. పార్లమెంట్ కాలాన్ని ఐదేళ్లకు మించి పొడిగించే బిల్లుకు, లార్డ్స్‌లో మొదలైన బిల్లుకు ఈ దారి లేదు. ప్రభుత్వం చట్టం కింద చేసే నిబంధనలకూ ఈ చట్టాలు వర్తించవు. అందుకే 2015 అక్టోబరులో టాక్స్ క్రెడిట్ (తక్కువ ఆదాయ కుటుంబాలకిచ్చే సాయం) నిబంధనలకు లార్డ్స్ అడ్డుపడగలిగింది. ఎన్నికల మేనిఫెస్టోలో ప్రభుత్వం హామీ ఇచ్చిన బిల్లును రెండో పఠనంలో ఓడించకూడదన్న సాలిస్‌బరీ సంప్రదాయం మాత్రం 1945 నాటి ఒప్పందమే, చట్టం కాదు.

జనంతో సంబంధం గురించి రాసేవాళ్లు అరుదు, కాబట్టి ఇక్కడ ఒక పేరా ఖర్చు పెట్టండి. లార్డ్స్ సెలెక్ట్ కమిటీ విచారణ మొదలుపెట్టగానే ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం పంపొచ్చు. నివేదికపై ప్రభుత్వం సాధారణంగా రెండు నెలల్లో స్పందించాలి. 2006 నుంచి సభ్యులే సభాధ్యక్షుడైన లార్డ్ స్పీకర్‌ను ఎన్నుకుంటున్నారు, సభ పనిని బయట వివరించడం ఆ పదవిలో భాగం. సభ్యులు బడులకు వెళ్లి విద్యార్థులతో మాట్లాడే కార్యక్రమమూ ఉంది. ఇవి మెచ్చుకోదగ్గవే కానీ, ఓటరు సభ్యుణ్ని దించలేడన్న లోటును తీర్చవు. ఈ మాట స్పష్టంగా రాయండి. సభ్యుల సంఖ్యను 600కు, పదవీకాలాన్ని 15 ఏళ్లకు పరిమితం చేయాలన్న 2017 బర్న్స్ కమిటీ సిఫారసును దానికి జోడించండి.

పోలికలో ఒక జాగ్రత్త: రాజ్యసభను లార్డ్స్‌తో ఒకే గాట కట్టకండి. 12 మంది నామినేటెడ్ సభ్యులు తప్ప మిగతావారు పరోక్షంగా ఎన్నికైనవారే. మనీ బిల్లుకు అక్కడ నెల, ఇక్కడ 14 రోజులు. 108వ అధికరణ కింద జరిగే ఉమ్మడి సమావేశం లాంటిది బ్రిటన్‌లో లేదు.

గ్రూప్-1 రాసేవాళ్లకు రాష్ట్ర శాసన మండలి ఏర్పాటు, రద్దు గురించిన 169వ అధికరణ మరింత దగ్గరిది. ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో అసెంబ్లీ చేసిన రద్దు తీర్మానాన్ని 2021 నవంబరులో ఉపసంహరించుకున్నారు. సాధారణ బిల్లును మండలి మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు.

లార్డ్స్‌లో 1999 చట్టం మిగిల్చిన 92 వారసత్వ స్థానాలను తొలగించే బిల్లు 2024లో ప్రవేశపెట్టారు. పాత నోట్స్‌లోని ఆ అంకెను పరీక్షకు ముందు సరిచూసుకోండి.