అయస్కాంతంలో ఎలక్ట్రాన్ దారి

వైద్య భౌతికశాస్త్ర విద్యార్థులతో ఎంఆర్-లినాక్ గురించి, అంటే ఎమ్మారై స్కానర్‌నూ క్యాన్సర్‌కు ఎక్స్-కిరణాల చికిత్స చేసే లీనియర్ యాక్సిలరేటర్‌నూ కలిపిన యంత్రం గురించి, మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఎమ్మారై అయస్కాంతం మధ్యలోంచి వెళ్లే ఎక్స్-కిరణాలు వంగిపోవా అని. వంగవు. ఎక్స్-కిరణాల కణాలైన ఫోటాన్లకు విద్యుదావేశం లేదు కనుక అయస్కాంత క్షేత్రానికి వాటి మీద పట్టు లేదు. అయితే ఫోటాన్‌కు ముందున్నదీ ఎలక్ట్రానే, తరువాత వచ్చేదీ ఎలక్ట్రానే. యంత్రంలో ఎలక్ట్రాన్ పుంజం లోహపు టార్గెట్‌ను ఢీకొంటేనే ఎక్స్-కిరణాలు పుడతాయి. శరీరంలో ఆ కిరణాలు విడిపించిన ఎలక్ట్రాన్లే కణజాలానికి డోస్‌ను, అంటే చికిత్స చేసే వికిరణ శక్తిని, అందిస్తాయి. చిక్కంతా ఈ రెండు చోట్లే ఉంది.

ముందు యంత్రం సంగతి. ఎలక్ట్రాన్ గన్ నుంచి 30 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తితో ఒక ఎలక్ట్రాన్ బయలుదేరిందనుకుందాం. దానికి అడ్డంగా కేవలం 1 మిల్లీటెస్లా (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే టెస్లాలో వెయ్యో వంతు) క్షేత్రం ఉన్నా, దాని దారి సుమారు 60 సెంటీమీటర్ల వ్యాసార్థం గల వృత్తంలా వంగుతుంది. 5 సెంటీమీటర్లు సాగేసరికి 2 మిల్లీమీటర్లు పక్కకు తొలగుతుంది. యాక్సిలరేటర్ లోపలి రంధ్రం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి పుంజంలో చాలా భాగం గోడలకు తగిలి వృథా అవుతుంది. రోగి పడుకునే చోట క్షేత్రమైతే దీనికి 1500 రెట్లు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో రూపుదిద్దుకున్న 1.5 టెస్లా యంత్రంలో దీనికి ఎంచుకున్న ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది: అయస్కాంతపు కవచ తీగచుట్టలను లోపలి క్షేత్రం చెడకుండా అమర్చి, బయట చుట్టూ గారెలాంటి ఒక వలయంలో క్షేత్రం దాదాపు లేకుండా చేసి, యాక్సిలరేటర్‌ను ఆ వలయంలోనే తిప్పుతారు. 2017లో అక్కడ మొదటి రోగికి చికిత్స జరిగింది.

శరీరంలోని ఎలక్ట్రాన్లను ఇలా దాచడం కుదరదు. క్షేత్రం వాటి శక్తిని పెంచదు, తగ్గించదు. దిశను మాత్రమే మారుస్తుంది. 1 మెగా ఎలక్ట్రాన్‌వోల్టు శక్తి గల ఎలక్ట్రాన్ 1.5 టెస్లాలో సుమారు 3 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. మెత్తటి కణజాలంలో అది ఎలాగూ 4 మిల్లీమీటర్ల దూరంలోనే, దారి పొడవునా చెదురుతూ, ఆగిపోతుంది గనుక అక్కడ తేడా స్వల్పం. గాలిలో మాత్రం దానికి అడ్డు లేదు. కణజాలం దాటి గాలిలోకి అడుగుపెట్టిన ఎలక్ట్రాన్ అర్ధవృత్తం తిరిగి, వచ్చిన గోడకే మళ్లీ చేరి, అక్కడి డోస్‌ను పెంచుతుంది. దీనినే ఎలక్ట్రాన్ రిటర్న్ ఎఫెక్ట్ అంటాము. 0.35 టెస్లా యంత్రాలలో అదే ఎలక్ట్రాన్ వ్యాసార్థం 13 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక, చిన్న గాలి ఖాళీల దగ్గర ఈ ప్రభావం తక్కువగా కనిపిస్తుంది.

ప్రోస్టేట్ చికిత్సలో పురీషనాళంలోని గ్యాస్ బుడగ ఇందుకు నాకు తరచుగా గుర్తొచ్చే ఉదాహరణ. ఎదురెదురు దిశల నుంచి కిరణాలు పంపితే ఒకటి పెంచిన డోస్‌ను మరొకటి చాలావరకు సరిచేస్తుంది. ఒక్కో కణం దారిని యాదృచ్ఛిక సంఖ్యలతో కంప్యూటర్‌లో అనుకరించే మోంటే కార్లో పద్ధతిలో వేసిన డోస్ లెక్క క్షేత్రాన్ని కూడా కలుపుకుంటుంది. కానీ ప్లాన్ వేసినప్పుడున్న బుడగ చికిత్స వేళకు అక్కడే ఉంటుందన్న హామీ లేదు. అది కదిలిందని చూపించేదీ, కదిలిన చోట డోస్‌ను మార్చేదీ ఒకే అయస్కాంతం.

క్షేత్రాన్ని కిరణాలకు ఇలా అడ్డంగా కాక సమాంతరంగా పెడితే ఈ వెనుదిరగడం తప్పుతుంది. సిడ్నీ సమీపంలోని లివర్‌పూల్‌లో, ఇంగమ్ ఇన్‌స్టిట్యూట్ వారి 1 టెస్లా యంత్రం అలాంటిదే. అయితే అక్కడ గాలిలో పుట్టిన ఎలక్ట్రాన్లు క్షేత్రరేఖల వెంట కూడి రోగి చర్మం మీదికే చేరతాయి. రెండు అమరికల్లో ఏది మేలని అడిగితే, మచ్చలేనిది ఏదీ లేదనే అంటాను.

డోస్ కొలిచే అయాన్ చాంబర్ లోపల ఉన్నదీ గాలే కాబట్టి దానికీ ఈ బాధ తప్పదు. క్షేత్రానికి అది ఏ దిశలో ఉన్నదన్న దానిని బట్టి రీడింగ్ మారుతుంది. ప్లాస్టిక్ దిమ్మెలో చాంబర్ చుట్టూ కంటికి ఆనని గాలి పొర మిగిలితే చాలు, ఒక శాతం మేర తప్పు దొర్లవచ్చు. అందుకే ఆ సందులో కొన్ని చుక్కల నీళ్లు పోసి, గాలి పూర్తిగా పోయిందని రూఢి చేసుకున్నాకే కొలత మొదలుపెట్టాలని విద్యార్థులకు చెబుతాను.