కక్కడ మాసంలో కొడగు కొండ మీద రెండు రాత్రులు

మా అత్తగారిది తణుకు. మూడేళ్ల క్రితం ఆ ఇంటికి తాళం వేసి బెంగళూరులో మా దగ్గరికి వచ్చిన నాటి నుంచి వైట్‌ఫీల్డ్‌లోని మా తొమ్మిదో అంతస్తు, కింద ఉన్న చిన్న పార్కు, శనివారం గుడి, ఇంతే ఆమె లోకం. ఈ శ్రావణంలో ఆమెకు 70 ఏళ్లు నిండాయి. పట్టుచీర పెడదామని నేను అనుకుంటూ ఉండగా, అమ్మ ఒక్క మూడు రోజులైనా ఎవరికీ వండిపెట్టే పని లేకుండా, తానే మరొకరి చేత సేవ చేయించుకుంటూ గడపాలని మా వారు పట్టుబట్టి, కర్ణాటకలోని కొడగు (కూర్గ్) జిల్లాలో, మడికేరికి అరగంట దూరంలో కాఫీ తోట మధ్య కొండ మీద కట్టిన ఒక ఖరీదైన హోటల్లో ఆగస్టు 2, 3 తేదీల రాత్రులకు గది తీసుకున్నారు. ముగ్గురికీ సరిపడే ఆ కాటేజీకి రాత్రికి 26 వేల రూపాయలు, ఆ పైన 18 శాతం జీఎస్టీ. ఆ లెక్క అత్తగారికి చెప్పలేదు. చెబితే ఆమె బయలుదేరేవారు కాదు.

వానాకాలంలో కొడగుకు ఎందుకని అడిగిన స్నేహితులు చాలామంది. 2018 ఆగస్టులో అక్కడ కొండచరియలు విరిగిపడి ఊళ్లు దెబ్బతిన్న సంగతి ఎవరూ మరచిపోలేదు కాబట్టి, మేము కూడా బయలుదేరే ముందు రోజు వరకు వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూనే ఉన్నాము. మైసూరు వరకు కొత్త రహదారి మీద ప్రయాణం తెలియకుండానే గడిచింది. హుణసూరు, పిరియాపట్న దాటి కుశాలనగరం చేరేసరికి పక్కనే కావేరి ఎర్రగా, నిండుగా పారుతూ కనిపించింది. బెంగళూరులో మా కుళాయిలో వచ్చే నీళ్లు ఈ నదివేనని, సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పైకి తోడి నగరానికి తెస్తారని మా వారు చెప్పగానే అత్తగారు కారు ఆపించి, కిటికీలోంచే చేతులు జోడించారు.

హోటల్ గురించి చెప్పాలంటే గదికంటే ముందు దాని చుట్టూ ఉన్న తోట గురించి చెప్పాలి. ఎత్తైన సిల్వర్ ఓక్, పనస చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకొని పైకి పాకిన మిరియాల తీగలు. ఆగస్టులో కాఫీ కాయలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. మిరియాల తీగ మాత్రం వానలకే పూస్తుంది, పూత మీద జారే వాన చినుకులే దానికి పరాగసంపర్కానికి తోడ్పడతాయి. తోట నడకకు తీసుకువెళ్లిన కుర్రవాడు ఈ సంగతి చెబుతూ ఒక పూత కంకిని తుంచకుండా వేలితో ఎత్తి చూపించాడు. జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా మేజోళ్లు ఇచ్చారు, చేతికి ఉప్పు మూట ఇచ్చారు. గది విశాలంగా, శుభ్రంగా ఉంది. రాత్రి పడుకునే ముందు దుప్పటి కింద వేడి నీళ్ల సంచి పెట్టి వెళ్లడం ఆ చలిలో ఎంత హాయినిచ్చిందో మాటల్లో చెప్పలేను.

మొదటి రాత్రి భోజనం మాత్రం నన్ను నొప్పించింది. ఏడు వరుసల విందు అని ముందే చెప్పి, మేము శాకాహారులమని రాసుకొని, కొవ్వొత్తుల వెలుగులో కూర్చోబెట్టి, ఎక్కడో విదేశాల నుంచి వచ్చిన ఆస్పరాగస్ కాడలు, ట్రఫుల్ నూనె చల్లిన పుట్టగొడుగుల సూప్, చల్లారిపోయిన పాస్తా ఒకదాని తర్వాత ఒకటి తెచ్చారు. వరుసకూ వరుసకూ మధ్య ఇరవై నిమిషాలు గడిచేవి. అత్తగారు తొమ్మిదిన్నరకు, "అమ్మాయ్, ఇంకా ఎన్నున్నాయి? కాస్త మజ్జిగన్నం దొరుకుతుందేమో అడుగు" అన్నారు. అడిగితే వెంటనే, ఎంతో మర్యాదగా తెచ్చి పెట్టారు. అందుకు కృతజ్ఞురాలిని. అయితే ఆ ఏడు వరుసల్లో ఒక్కటి కూడా ఆ కొండ మీద పండినది కాదు. మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఏ పెద్ద హోటల్లోనైనా దొరికే భోజనం కోసం 250 కిలోమీటర్లు రావలసిన అవసరం లేదని ఆ రాత్రి నాకు గట్టిగా అనిపించింది. మరునాడు ఉదయం అక్కడి ముఖ్య వంటగాడిని కలిసి ఈ మాటే మెల్లగా చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. ఈ రోజు కక్కడలో పద్దెనిమిదో రోజు, మధ్యాహ్నం మా ఊరి భోజనం తినండి, అన్నారు.

కక్కడ అంటే సౌరమానంలో కర్కాటక మాసం. జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు ఉంటుంది. కొడగులో కుండపోత వానలు, వరి నాట్లు ఈ నెలలోనే. మనకు ఆషాఢంలో ఎలా పెళ్లిళ్లు ఉండవో, అక్కడి కొడవ కుటుంబాల్లో కక్కడలో అలా శుభకార్యాలు ఉండవు. రోజంతా బురదలో వంగి నాట్లు వేసే మనిషికి ఒళ్లు నిలబడాలంటే మందులాంటి తిండి కావాలన్న ఆలోచన ఈ నెల వంటల్లో కనిపిస్తుంది. కొండలకు ఆవల కేరళలో కూడా ఈ కర్కాటక మాసమే ఆయుర్వేద చికిత్సలకు తగిన కాలమని భావిస్తారు. ఆషాఢంలో తెలగపిండి మునగాకు కూర వండి, చేతులకూ కాళ్లకూ గోరింటాకు పెట్టుకునే గోదావరి జిల్లా ఆడపడుచుకు ఇది కొత్తగా విడమరచి చెప్పవలసిన సంగతి కాదు. వంటగాడు చెబుతూ ఉంటే అత్తగారు తల ఊపుతూ విన్నారు.

భోజనానికి ముందు స్పా. ఒక్కొక్కరికి గంటన్నర, 7,500 రూపాయలు. అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పరాయివాళ్ల ముందు బట్టలు తీయడమా అన్న సంకోచం ఆమెది. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను: ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారు, నూలు గుడ్డ చుట్టుకోవడానికి ఇస్తారు, ఏ భాగానికి మర్దన చేస్తే ఆ భాగం మీది గుడ్డే తొలగిస్తారు, వద్దంటే ఎక్కడైనా ఆపేస్తారు. ఇదంతా నాకు తెలిసిన కన్నడంలో అడిగి తెలుసుకొని ఆమెకు తెలుగులో చెప్పాక లోపలికి వచ్చారు.

మొదట కాళ్లు కడుగుతారు. పాలక్కాడు నుంచి వచ్చిన పాతికేళ్ల అమ్మాయి, ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, కింద కూర్చొని, అత్తగారి కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకోబోయింది. అత్తగారు చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నారు. "నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేంటమ్మా, వద్దు" అన్నారు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అయినా ఆ మాట అర్థమైంది. నవ్వి, చేతులు నీళ్లలోనే ఉంచి, కదలకుండా ఎదురుచూసింది. కొంతసేపటికి పాదం దానంతట అదే నీళ్లలోకి వచ్చింది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు గోళ్ల చివరికి జరిగి, మొదట్లో నెలవంకలాగా తెల్లని గోరు బయటపడి ఉంది. మడమల పగుళ్లలో ఏళ్ల తరబడి చేరిన నలుపు. ఆ అమ్మాయి పెసరపిండి వంటిదేదో పట్టించి, ఆ పగుళ్లను బొటనవేలితో తీరుబడిగా రుద్ది కడిగి, తుడిచి, చివర రెండు పాదాలకూ నమస్కరించింది. అత్తగారికి ఇక తెలిసిన పని ఒకటే. ఆ పిల్ల నెత్తిన చేయి పెట్టి, "చల్లగా ఉండు తల్లీ" అన్నారు.

ఆమెకు ధన్వంతర తైలంతో అభ్యంగనం చేశారు. నువ్వుల నూనెలో బల అనే మొక్క వేరు, దశమూలాలనే పది రకాల వేర్లు, పాలు వేసి కాచే ఈ తైలం కీళ్ల నొప్పులకు కేరళ వైద్యంలో ఎంతో పేరున్నది. నూనెను అరచేతిలో వేసుకొని వేడి చూసుకున్నాకే ఒంటికి తాకించేవారు. నేను శిరోధార తీసుకున్నాను. తల పైన వేలాడదీసిన పాత్ర నుంచి సన్నని దారంలా నూనె నుదుటి మీద పడుతూ, ఈ కణత నుంచి ఆ కణతకు మెల్లగా కదులుతూ ఉంటుంది. మొదటి ఐదు నిమిషాలు ఇంటి లెక్కలు, ఆఫీసు లెక్కలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి, ఆ తర్వాత బయట వాన శబ్దం తప్ప మరేమీ గుర్తు లేదు. ఆవిరి పెట్టె, స్నానం అయ్యాక మాడు మీద రాస్నాది చూర్ణం అద్దారు, జలుబు చేయకుండా. మా అమ్మమ్మ తలంటు పోశాక సాంబ్రాణి పొగ వేసేది గుర్తొచ్చింది. మోకాళ్ల నొప్పి ఒక్క రోజులో పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అత్తగారికి కూడా పోలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకోలేదు.

భోజనం అరటాకు మీద పెట్టారు. శ్రావణమని మాంసం వద్దన్నాము కాబట్టి కొడగు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే పంది కూర మాకు లేదు, అయినా లోటు తెలియలేదు. బియ్యపు రవ్వతో ఆవిరి మీద ఉడికించిన కడంబుట్టు ఉండలు, సేమియాలా ఒత్తిన నూపుట్టు, అన్నంలో బియ్యప్పిండి కలిపి కాల్చిన అక్కి ఒట్టి, ఉప్పునీటిలో నిలవ ఉంచిన అడవి మామిడి కూర, చామాకు కూర, వానలకు మొలిచే పుట్టగొడుగుల కూర. లేత వెదురు కొమ్ములను రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి, చేదు పోయాక వండిన బైంబళె కూర అత్తగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. మారేడుమిల్లి వైపు వెదురు కొమ్ములు తింటారని వినడమే తప్ప ఎన్నడూ రుచి చూడలేదట. పులుపు కోసం పక్కన చిన్న గిన్నెలో నల్లగా, చిక్కగా కచంపులి పెట్టారు. ఒక అడవి చెట్టు పండ్లను పండబెట్టి, వాటి నుంచి కారిన రసాన్ని పట్టి, నల్లబడే దాకా మరిగించి చేస్తారు. ఒక్క చుక్క చాలు. చింతపండు పులుపు నాలుక కొసకు తెలిస్తే, దీని పులుపు మింగాక గొంతులో తెలుస్తుంది.

చివర మద్దు పాయసం వచ్చింది. మద్దు తొప్పు అనే ఆకును కక్కడ పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు 3న కోస్తే అందులో పద్దెనిమిది మందుల గుణం ఉంటుందని కొడవల నమ్మకం. ఆకును నీళ్లలో మరిగిస్తే నేరేడు పండు నలిపినట్టు ముదురు ఊదా రంగు దిగుతుంది. ఆ నీళ్లలోనే బియ్యం ఉడికించి, బెల్లం, కొబ్బరిపాలు కలిపి చేశారు. వాసనలో మందు ఉంది, రుచిలో తీపి ఉంది. మరునాడు మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దని వడ్డించే ఆమె మా చెవిలో చెప్పి వెళ్లింది. పాయసం మీద తేనె వేసుకుంటే ఇంకా బాగుంటుందంటే వేసుకొని, అత్తగారు గిన్నె ఖాళీ చేసి, మరపు రాకుండా ఆ ఆకు పేరు మూడుసార్లు పలికి చూసుకున్నారు.

వెచ్చని నీళ్ల కొలను, గాజు గోడల వ్యాయామశాల, వైన్ గది కూడా ఉన్నాయి. మేము వాటి జోలికి పోలేదు. తిరిగి వచ్చేటప్పుడు అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితం మీద, శనివారం రాత్రి విందు తీసేసి ఆదివారం మధ్యాహ్న భోజనమే రెండు పూటలా పెట్టమని, కాళ్లు కడిగిన ఆ అమ్మాయి పని తీరుకు ప్రత్యేక అభినందనలని రాశాను. దారిలో మడికేరి బజారులో కచంపులి సీసా ఒకటి కొన్నాము. గురువారం అత్తగారు చింతపండుకు బదులు దాన్ని వేసి పప్పుచారు పెట్టి, నాలుగు చుక్కలు ఎక్కువయ్యాయని తామే తేల్చుకున్నారు.

నిన్న తణుకు నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేస్తే, వచ్చే ఏడు నిన్నూ తీసుకెళతానని చెబుతున్నారు. గది ఎలా ఉందో, ఎంతయిందో ఆ మాటల్లో లేదు. "ఆ ఆకు కోసే రోజుకే వెళ్లాలే, ఒక్క రోజు అటూ ఇటూ అయితే లాభం లేదు" అంటున్నారు.